సుక్రు మాస్టారు దిద్దిన పేరు

కూతురు బేబికి మొదటిసారి ఫిట్స్ వచ్చిన రోజు మధ్యాహ్నం సుక్రు మాస్టారు పెరట్లో పీట వేసుకుని టేకు చేప పేగు చీలుస్తున్నాడు. పిల్ల పక్కనే కూర్చుని బకెట్టు నీళ్ళలో వేళ్ళు ఆడిస్తోంది. ఉన్నట్టుండి వెనక్కి విరుచుకుపడింది, కళ్ళు తేలేసింది, నోట నురగ కక్కింది. పక్కింటి కనక దడి దాటి పరుగున వచ్చి పిల్లను ఒడిలోకి లాక్కుని ఓ పక్కకి తిప్పి పట్టుకుంది. మాస్టారూ లేచాడు. కాకపోతే పేగులోంచి సగం బయటికి తీసిన పురుగును ఉప్పునీళ్ళ గిన్నెలోకి జాగ్రత్తగా జార్చి, ఆ తర్వాత లేచాడు.

ఊరు బొండుగుడ. అరకు లోయ అంచున, కాఫీ తోటల కింద ఉన్న చిన్న పల్లె. మాస్టారు శుక్రవారం పుట్టాడు కాబట్టి సుక్రు. ఆశ్రమ పాఠశాలలో చదివి, వైజాగ్ వెళ్ళి జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, తిరిగి లోయలోనే జూనియర్ కాలేజీలో లెక్చరర్ అయ్యాడు. ఆ ఊళ్ళో అంత చదివినవాడు అంతకు ముందు లేడు, కాబట్టి ఊరు ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. ఒకసారి కొత్త బోరులో నీళ్ళు ఎర్రగా వస్తే, రోగాలూ ముహూర్తాలూ చూసే దిసారి అది అమ్మవారి కోపమన్నాడు. ఎవరూ ఆ బోరు దగ్గరికి పోలేదు. మాస్టారు వచ్చి అది ఉత్త ఇనుప తుప్పని చెప్పి, అందరూ చూస్తుండగా గ్లాసు నింపుకుని గటగటా తాగాడు. ఆ సాయంత్రానికి ఊరంతా ఆ నీళ్ళే తాగింది, దిసారితో సహా. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. సుక్రు మాస్టారు కాదంటే బొండుగుడలో అది కాదనే లెక్క.

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, ఆయనకి పీహెచ్‌డీ పిచ్చి పట్టుకుంది. గైడు లక్ష్మీప్రసాద్ గారు ఇచ్చిన విషయం టేకు చేపల పేగుల్లో బతికే బద్దెపురుగులు, వాటి జాతులు, వాటి పేర్లు. కొండ మీద పుట్టినవాడికి సముద్రపు చేప కడుపులోని పురుగుతో ఏం పని అని ఎవరూ అడగలేదు. గైడు దగ్గర అంతకంటే వేరే విషయం లేదు, అంతే.

శనివారం కాలేజీ అవగానే మాస్టారు కొండ దిగేవాడు. ఆదివారం తెల్లారేసరికి వైజాగ్ ఫిషింగ్ హార్బరులో ఉండేవాడు. టేకు చేప చేటంత వెడల్పున పల్చగా ఉంటుంది, తోకలో ముల్లు ఉంటుంది. జాలర్లు దాని రెక్కలు కూరకి కోసి పేగులు కుక్కలకి విసిరేస్తారు. కుక్కల కంటే ముందు మాస్టారు అందుకునేవాడు. వాటిని మూత బకెట్టులో వేసుకుని కిరండోల్ ప్యాసింజరు ఎక్కితే, బొర్రా గుహలు చూడ్డానికి వచ్చిన కుటుంబాలు ముక్కులు మూసుకుని పక్క పెట్టెలోకి పోయేవాళ్ళు. ఆయనకి సిగ్గనిపించేది కాదు. కాళ్ళు చాపుకోవడానికి చోటు దొరికినందుకు సంతోషించేవాడు.

ఆ పేగు మన పేగులా ఉండదు. లోపల మరమేకులాగా మెలి తిరిగి ఉంటుంది, ఒక్కో మెలికలో ఒక్కో రకం పురుగు కాపురం పెడుతుంది. దారంలాంటి ఒళ్ళు. తల మీద పూరేకుల్లాంటి నాలుగు పట్లు, వాటితో పేగు గోడను కరుచుకుని వేలాడుతుంది. నోరుండదు, పొట్ట ఉండదు. ఒళ్ళంతా ముక్కలు ముక్కలుగా గొలుసు, పండిన ప్రతి ముక్కా గుడ్ల సంచి. దాన్ని ఎర్ర రంగులో నానబెట్టి, గాజు పలక మీద పరిచి, మైక్రోస్కోపు కింద తల రేకుకి గళ్ళెన్ని, ముక్కలో బీజకోశాలెన్ని, రంధ్రం ఏ పక్కన ఉంది అని లెక్క చూసి బొమ్మ గీయాలి. ఇంతకు ముందు ఎవరూ రాయని తేడా గట్టిగా ఒకటి కనబడితే అది కొత్త జాతి. కొత్త జాతికి పేరు పెట్టే హక్కు కనిపెట్టినవాడిది. సొంత పేరు పెట్టుకోవడం మర్యాద కాదు గనక శిష్యులు గైడు పేరు పెడతారు. గైడు మురిసిపోతాడు, థీసిస్ మీద సంతకం పడుతుంది. కొత్త పురుగు దొరకని శిష్యుడు దొరికేదాకా పేగులు చీలుస్తూ ఉండాల్సిందే.

కాబట్టి పాత పురుగు కంటబడితే మాస్టారు పెదవి విరిచేవాడు. "ఇది తెలిసిందే" అని పక్కన పడేసేవాడు. పేరు తెలిశాక ఇక దాంతో చేయాల్సిన పని ఇంకేదైనా ఉంటుందన్న ఆలోచనే ఆయనకి రాదు.

ఫిట్స్ మొదలుకావడానికి రెండేళ్ళ ముందు సంగతి ఇది. ఒకనాడు పొద్దున్నే తల్లి దేముడమ్మ కొడుకు దగ్గరికి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"సుక్రూ, దొడ్డికెల్తే సొరగింజల్లాంటివి పడతన్నాయిరా. నీ సేప పురుగులు నాకంటుకున్నాయేటి?"

మాస్టారు ముఖం వెలిగిపోయింది. ఎంతైనా పురుగు పురుగే. "ఈసారి పడితే పారెయ్యకు, ఈ సీసాలో పట్టుకు రా" అన్నాడు. ఆమె సిగ్గుపడుతూనే తెచ్చింది. రెండు గాజు పలకల మధ్య ఆ ముక్కను నొక్కి, సూదితో సిరా ఎక్కించి, లోపలి గర్భాశయం కొమ్మలు లెక్కపెట్టాడు. కొమ్మలు తక్కువ. అంటే పంది మాంసం నుంచి వచ్చే బద్దెపురుగు. సందేహం లేదు. ఎప్పుడో తాతల కాలానికి ముందే ఎవరో దొర పేరు పెట్టేసిన పురుగు.

"ఇది పాతదేనమ్మా. దీనికి పేరుంది" అన్నాడు, నిరాశగా.

"పేరుంటే మందుండదేటి?"

"ఉందమ్మా. వైజాగెల్లినప్పుడు తెత్తాను."

తేలేదు. వారం వారం వైజాగ్ వెళ్ళినవాడు, ఫార్మలిన్ తెచ్చాడు, గాజు పలకలు తెచ్చాడు, గైడు గారింటికి కాఫీ గింజలు మోశాడు. నాలుగు మాత్రలు తేలేదు. మరిచిపోయాడంటే నమ్మొచ్చు గానీ, సగమే నమ్మాలి. ఇంటర్ సిలబస్‌లో ఈ పురుగు పాఠం ఉంది. కాలేజీ ల్యాబులో చూపించడానికి నమూనా లేదు. తల్లి దగ్గర పండిన ముక్క దొరికినప్పుడల్లా ఫార్మలిన్ సీసాలోకి చేరేది. పైగా ఆ మాత్ర మింగితే పురుగు తల పేగులోనే కరిగిపోతుందని ఎక్కడో చదివాడు. తలతో సహా మొత్తం పురుగును పొడుగాటి జాడీలో పెట్టి ల్యాబులో నిలబెట్టాలని ఆయన ఆశ. తల చెడకుండా దించే మందేదైనా ఉందేమో కనుక్కుందామనుకున్నాడు. అలా అనుకుంటూ ఉండిపోయాడు. కన్నతల్లి కడుపుని సొంత అలమరా చేసుకున్నాడని అంటే ఆయనకి కోపం వస్తుంది, కానీ చేసింది అదే.

కనక సంగతి ఇక్కడ చెప్పాలి. పక్కింటి విధవరాలు. పిల్లల్లేరు. బేబి పుట్టినప్పటి నుంచి సగం రోజు ఆమె చంకలోనే పెరిగింది. దేముడమ్మ బాధ విని మోదుగ గింజలు దంచి బెల్లంలో కలిపి ఆకులో పెట్టి తెచ్చింది. "వొదినా, పరగడుపున మింగు. మా యమ్మ మాకు అదే ఎట్టేది" అంది. దేముడమ్మ ఆ మాట కొడుకుతో చెప్తే మాస్టారు ఆ పొట్లం తీసుకుని పొయ్యిలో పడేశాడు. నాటు మందులు తాగొద్దని గదిమాడు. అది పనిచేసేదో లేదో ఎవరికీ తెలియదు. మింగనిచ్చిన నాథుడు లేడు. కానీ కనక ఆ ఇంటికి ఏదో పొడి తెచ్చిందన్న మాట మాత్రం నీళ్ళ దగ్గర ఆడవాళ్ళ నోళ్ళలో పడింది.

ఏటా చలికాలంలో ఆ పాఠం వచ్చేది. మాస్టారు బల్ల మీద సీసా పెట్టి బోర్డు మీద రంగు సుద్దలతో బ్రహ్మాండంగా బొమ్మ గీసేవాడు. సరిగ్గా ఉడకని పంది మాంసం తింటే పురుగు పేగులో పెరుగుతుంది. ఆ పురుగు ఉన్న మనిషి చేతి నుంచి దాని గుడ్లు మరొకరి నోట్లో పడితే, పిల్లలు బయటికొచ్చి నెత్తురులో కలిసి మెదడుకి చేరి తిత్తులు కడతాయి. అప్పుడు మూర్ఛలొస్తాయి. "ఎనిమిది మార్కులు. బాగా చదవండి" అనేవాడు. సీసాలో ఉన్నది తన తల్లి పురుగు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ తల్లే పొయ్యి దగ్గర చిక్కటి రాగి అంబలి చేత్తో కలిపి, వేళ్ళతో ముద్ద తీసి బేబి నోట్లో పెడుతూ ఉండేది. అది చూసి మాస్టారు చెంబెడు నీళ్ళతో కాళ్ళు కడుక్కుని, నాకూ పొయ్యమ్మా అనేవాడు.

అందుకే ఫిట్స్ వచ్చిన రోజు ఆయనకేమీ తట్టలేదు. ఆరోగ్య కేంద్రంలో తెల్ల మాత్రలిచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చాయి. దిసారి తాయెత్తు కట్టాడు. భార్య సరళ మాత్రం పట్టు పట్టింది. "వైజాగ్ తీసుకెల్దాం. నువ్వు వారం వారం ఎల్తన్నావు, కన్న గుంటని ఒక్కసారి తీసుకెల్లలేవా?"

సరిగ్గా అప్పుడే ఆయనకి కొత్త పురుగు దొరికింది. డిసెంబరు చలి. పెరట్లో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొరికేస్తున్నాయి. ఆదివారం తెచ్చిన పేగులోంచి తీసిన పురుగుల్ని అలాగే చల్లటి ఫార్మలిన్‌లో వేశాడు. రంగు వేసి చూస్తే తల రేకులు ఇంతవరకు ఎక్కడా చూడని విధంగా లోపలికి మడతపడి, అంచున గట్టులాగా లేచి ఉన్నాయి. పుస్తకాలన్నీ తిరగేశాడు. ఎక్కడా లేదు. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే లక్ష్మీప్రసాద్ గారు అటువైపు నుంచి, "బొమ్మలు త్వరగా గీయవయ్యా, ఇంకెవడైనా ముందు రాసేస్తే పోతుంది" అన్నారు.

"బొమ్మలవగానే ఎల్దాం" అన్నాడు సరళతో.

బొమ్మలు మాఘమాసం దాకా సాగాయి. ఆ మధ్యలో ఒక పొద్దున బేబికి పొయ్యి పక్కన ఫిట్ వచ్చింది. ఇంట్లో ఎవరూ చూడలేదు. కనకే చూసి లాగింది. అప్పటికే పిల్ల ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. మాస్టారు పక్క గదిలో మైక్రోస్కోపు మీద వంగి ఉన్నాడు. మాంసం కాలిన వాసన ఆయన ముక్కుకి తగిలే ఉంటుంది. ఫార్మలిన్ వాసనకి అలవాటు పడిన ముక్కు మరి, లేవలేదు.

ఆ చేతికి ఆకు పసరు రాసి, కనక, సరళ కలిసి పిల్లను జీపు ఎక్కించారు. మాస్టారు ముందు సీట్లో కూర్చున్నాడు.

వైజాగ్‌లో తలకి స్కాన్ తీశారు. డాక్టరు అనురాధ ఫిల్మును దీపం ముందు పెట్టి చూపించింది. పిల్ల మెదడు నిండా సగ్గుబియ్యం గింజల్లాంటి తెల్లటి చుక్కలు.

"ఇవి పురుగు తిత్తులండీ. ఇంట్లో ఎవరికైనా బద్దెపురుగు ఉందా? అన్నం కలిపి పెట్టేవాళ్ళకి?"

మాస్టారు ఫిల్ము దగ్గరికి జరిగాడు. ఆ చుక్కల్ని ఆయన ఇదివరకే చూశాడు. బోర్డు మీద తన చేత్తోనే ఏటా గీస్తున్నాడు.

"మీరేం చేస్తుంటారు?"

"జువాలజీ లెక్చరర్నండీ."

"ఓ. రీసెర్చి కూడానా?"

"టేకు చేపల బద్దెపురుగుల మీద" అన్నాడు. ఆ తర్వాత, నేల చూస్తూ, "మా అమ్మకుంది. రెండేళ్ళ నుంచి తెలుసు" అన్నాడు.

డాక్టరు పెన్ను కింద పెట్టింది. మళ్ళీ తీసుకుంది. తిట్టి ఉంటే బావుండేది. పిల్లకి నెలల తరబడి వాడాల్సిన మందులు రాసి, మాస్టారి తల్లికి మింగించాల్సిన మాత్రలు వేరే చీటీ మీద రాసి, "ఇవి ఈ రోజే కొనండి" అంది. సరళ గది బయట పిల్ల దగ్గర ఉంది. ఆమెకి ఆయన ఏదో తలలో వాపు అని మాత్రమే చెప్పాడు.

ఇంటికి రాగానే తల్లికి ఆ మాత్రలిచ్చి బలానికి మందన్నాడు. దేముడమ్మ మింగింది. మర్నాడు పురుగు పడింది. మాస్టారు దాన్ని నీళ్ళలో జాడించి, పుల్లతో కదిపి కదిపి తల కోసం వెతికాడు. ఆ చేతుల్ని ఏమనాలి? కూతురి తలనిండా దాని పిల్లలున్నాయని తెలిసిన మర్నాడే, ఆయన దాని తల బాగుందో లేదో చూసుకుంటున్నాడు. తల కరిగిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఊరు కూడింది. పిల్ల చెయ్యి కాలినప్పటి నుంచి జనం లోలోపల ఉడుకుతున్నారు. ఊరి మధ్య రాళ్ళ గద్దె మీద నాయుడు కూర్చున్నాడు. బొండుగుడలో ఊరి పెద్దని నాయుడనే అంటారు. పక్కన దిసారి బియ్యం గింజలు చేటలో వేసి తిప్పుతున్నాడు. కనకని తెచ్చి కింద కూర్చోబెట్టారు.

"ఎవులో మందెట్టినారు. పిల్లలు నేని సెయ్యి. పక్కింటి సెయ్యి" అన్నాడు దిసారి.

ఇంకేం, అన్నీ కలిసొచ్చాయి. ఆ ఇంటికి పొడి తెచ్చింది కనక. ఫిట్ వచ్చిన ప్రతిసారీ పక్కనే ఉన్నది కనక. చెయ్యి కాలినప్పుడు ముందు పరిగెత్తింది కనక. చిల్లంగి అనే మాట ఎవరి నోట ముందు వచ్చిందో గానీ, చేతబడి చేసేవాళ్ళని కొండల్లో పిలిచే ఆ మాట ఒకసారి వచ్చాక అందరి నోటా అదే. దేముడమ్మ కూడా, పాపం, అడిగినదానికి ఉన్నదే చెప్పింది. "అవును, ఆకులో ఎట్టి పొడి తెచ్చినాది. నాను మింగనేదు."

నాయుడు తొందరపడే మనిషి కాదు. మాస్టారి వైపు తిరిగాడు. "మాస్టారూ, గుంటని పట్నం డాక్టర్లకి సూపించినారు గదా. ఆలేటన్నారు? మీరు సెప్పండి, మీ మాటే మాట."

గోల ఆగిపోయింది. దిసారి కూడా చేట తిప్పడం ఆపాడు. కనక ముఖంలోకి ధైర్యం వచ్చింది. "బాబూ, నువ్వు సెప్పు. పొడి గుంటకి కాదని, మీ యమ్మకని సెప్పు. నాను గుంటకేటి సేత్తాను బాబూ?"

ఒక్క వాక్యం చాలు. పురుగు మా అమ్మది, మందివ్వనిది నేను. బోరు నీళ్ళు తాగిన ఊరు, ఆ మాటా తాగేది. ఆయన నోట్లో ఆ వాక్యం తయారుగానే ఉంది. కానీ ఎదురుగా తల్లి కూర్చుని ఉంది, పక్కన సరళ నిలబడి ఉంది. చెప్తే ఈ జనం అమ్మ మీదికి తిరుగుతారేమో అనుకున్నాడు. తర్వాత ఏళ్ళ తరబడి తనకి తాను చెప్పుకున్న కారణం అదే. అందులో అబద్ధం లేదు. అయితే ఆ క్షణాన ఆయన కళ్ళ ముందు మెదిలింది అమ్మ కాదు, ల్యాబు బల్ల మీది సీసా. సరళ దాన్ని చూస్తుంది. కాలేజీ చూస్తుంది. గైడుకి తెలుస్తుంది.

"పట్నం డాక్టర్లకీ అంతు సిక్కనేదు" అన్నాడు సుక్రు మాస్టారు.

మంత్రం పలకలేకుండా కనక ముందరి పళ్ళు ఊడగొట్టారు. రాయితో కొట్టారు. ఇద్దరు పట్టుకున్నారు. వాళ్ళలో ఒకడికి కనకే చిన్నప్పుడు అన్నం పెట్టింది. మాస్టారు ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు గానీ చెవులకి తలుపులుండవు కదా. ఆ సాయంత్రమే ఆమె పాకని పీకి, ఆమెని పొలిమేర దాటించారు.

ఇక ఇక్కడి నుంచి జరిగింది వింటే దేవుడి మీద కోపం వస్తుంది. బేబికి నయమైంది. మందులు పనిచేశాయి. ఫిట్స్ నెలకొకటైనాయి, ఆ తర్వాత ఆగిపోయాయి. సరళ వేళకి మాత్రలు వేస్తూనే ఉంది గానీ ఊరు చూసింది వేరే. చిల్లంగిది పోయింది, గుంట లేచి తిరిగింది. దిసారి పేరు చుట్టుపక్కల ఊళ్ళకి పాకింది. బేబి కూడా అదే వింటూ పెరిగింది. చేతి మీది మచ్చ ఎవరైనా అడిగితే, "సిన్నప్పుడు కనకవ్వ మందెట్టింది" అని చెప్పేది. మాస్టారు పక్కనే ఉండి వినేవాడు.

ఆయన పురుగుకి లక్ష్మీప్రసాద్ గారి పేరు పెట్టాడు. డాక్టరేట్ వచ్చింది. ఊళ్ళో పందిని కోసి భోజనాలు పెట్టారు. సీసాని అప్పటికే ఎవరూ చూడకుండా కాఫీ తోటలో పాతిపెట్టాడు. కాలేజీలో ఆ పాఠం వచ్చినప్పుడు పంది దగ్గర ఆపేసేవాడు. ఆఖరి పేరా చెప్పేవాడు కాదు.

కొన్నేళ్ళకి వైజాగ్‌లో ఓ కుర్ర స్కాలరు అదే టేకు చేప నుంచి, అదే పురుగుని తీసి వేడి ఫార్మలిన్‌లో వేశాడు. పురుగు హాయిగా చాపుకుని పడుకుంది. తల రేకులు విచ్చుకున్నాయి. మడత లేదు, గట్టూ లేదు. మాస్టారు ఆ పలక చూసి కూర్చుండిపోయాడు. ఆయన కనిపెట్టింది కొత్త జాతి కాదు. అరకు చలికి, చల్లటి మందులో ముడుచుకుపోయిన పాత పురుగు. గైడూ శిష్యుడూ కలిసి ఒక వణుకుడికి పేరు పెట్టారు.

ఎవరూ ఆయన్ని అడగలేదు. ఊరుకుంటే ఎవరికీ పట్టేది కూడా కాదు. కానీ మాస్టారికి నిద్ర పట్టలేదు. నిజంగానే పట్టలేదు. లేని జాతి ఉన్నట్టు పుస్తకాల్లో ఉండిపోతుందే, ముందు తరాలు దాన్ని నమ్ముతాయే అని కుమిలిపోయాడు. తనే కూర్చుని సవరణ వ్యాసం రాశాడు. ఫలానా పేరు చెల్లదు, తప్పు నాది, పురుగుని చల్లటి మందులో వేయడం వల్ల జరిగిన పొరపాటు అని వివరంగా రాసి అచ్చు వేయించాడు. లక్ష్మీప్రసాద్ గారు ఫోన్‌లో మండిపడ్డారు. "నా పేరు నువ్వే పెట్టి నువ్వే తుడిచేస్తావా?"

"తప్పుడు పేరు ఉండకూడదు సార్. తప్పని తెలిశాక ఒక్క రోజు కూడా ఉంచకూడదు" అన్నాడు మాస్టారు.

ఆ నిజాయితీకి ఒక సెమినార్లో శాలువా కప్పారు. నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ శాలువా కప్పుకుని ఇంటికొస్తూ, శుక్రవారం కావడంతో అరకు సంతలో దిగాడు. కనక అక్కడ గోనె మీద కొండచీపుర్లు పరుచుకుని అమ్ముతోంది. ముందు పళ్ళు లేని నోటితో నవ్వి, ప్రతి వారం అడిగినట్టే అడిగింది. "గుంట బాగుందా, బాబూ?" బాగుందని తలూపి మాస్టారు దాటిపోయాడు.

రెండు వేల ఎనిమిదిలో బేబి ఆయన కాలేజీలోనే ఇంటర్‌లో చేరింది. ఆ పాఠం వచ్చింది. ఆయన పంది దగ్గర ఆపి సుద్దముక్క కింద పెట్టాడు. మూడో బెంచీలోంచి బేబి లేచింది.

"సార్, పుస్తకంలో ఇంకో పేరా ఉంది. మెదడులో తిత్తులు, ఫిట్స్ అని."

"అది పరీక్షకి రాదు. కూర్చో."

కూర్చుంది. పుస్తకం వైపే చూస్తూ, ఎడమ చేతి మచ్చని కుడి చేత్తో రుద్దుకుంటూ ఉండిపోయింది. ఆ వారమంతా ఇంట్లో ఆ పేరానే తిప్పి తిప్పి చదివింది. ఒకసారి నాన్నమ్మని అడిగింది, కనకవ్వ పొడి ఎందుకు తెచ్చిందని. దేముడమ్మకి అప్పటికి చూపు మందగించింది గానీ జ్ఞాపకం మందగించలేదు. "నాకు పురుగులు పడేవమ్మా. అందుకని తెచ్చినాది. మీ నాన పొయ్యిలో ఏసినాడు" అంది.

శుక్రవారం తండ్రీ కూతుళ్ళు సంతకి వెళ్ళారు. కనక కనబడితే బేబి ఎప్పుడూ చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని, మూడుసార్లు ఉమ్మి, గబగబా దాటిపోయేది. చిన్నప్పటి నుంచి అందరూ నేర్పినదే. ఆ రోజు గోనె ముందు ఆగిపోయింది. మాస్టారు ఆమె భుజం పట్టుకుని లాగాడు. "బేగి పద, బస్సెల్లిపోద్ది" అన్నాడు. బేబి కదల్లేదు.

"కనకవ్వా, నిజం సెప్పు. నువ్వు నాకు మందెట్టినావా?"

కనక చీపురు కట్టడం ఆపింది. ఇన్నేళ్ళకి ఆ పిల్ల తనతో మాట్లాడినందుకో ఏమో, కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. ఆ చేతిని పట్టుకుని మచ్చ తడమబోయి, మళ్ళీ భయపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎట్టనేదనే అనుకునేదాన్నమ్మా. సానా దినాలు అలాగే అనుకున్నాను" అంది, పళ్ళు లేని నోట మాట జారిపోతుంటే కూడదీసుకుంటూ. "కానీ ఊరంతా అన్నారు గదా. నా సూపే సెడ్డదేమో, నాకు తెలీకుండా నా సేతే అయిందేమో. మీ నాన పురుగూ పుట్రా అన్నీ సదూకున్నోడు. ఆ దినం నాను అడిగినాను. ఆయన కూడా కాదన్నేదు గదమ్మా. ఆయనకి తెలీదేటి? నానే సేసుంటాను. నువ్వు బతికినావు, అదే సాలు."

బేబి తండ్రి వైపు తిరిగింది. జనం చీపుర్ల బేరం చేస్తూ వాళ్ళని తోసుకుని పోతున్నారు. కనక కూడా ఆయన వైపే చూస్తోంది, తన మాట సరేనంటాడని. మాస్టారు నోరు తెరిచాడు. ఆ ఒక్క వాక్యం అక్కడే ఉంది, ఇన్నేళ్ళుగా ఎక్కడికీ పోలేదు.

"బస్సెల్లిపోద్ది" అన్నాడు మళ్ళీ.

బస్సులో బేబి కిటికీ పక్కన కూర్చుంది. ఆయన పక్కన కూర్చోబోతే తన సంచి ఆ సీట్లో పెట్టింది. ఆయన నిలబడే ఉన్నాడు. బస్సు సంత దాటి మలుపు తిరిగాక, ఆయన వైపు చూడకుండానే, అందరికీ వినబడేంత గట్టిగా అడిగింది.

"సార్, ఆ పేరా పరీక్షకి రాదన్నారు గదా?"

"రాదమ్మా" అన్నాడు సుక్రు మాస్టారు, పై కడ్డీ పట్టుకుని.